రెండొందల పదహారు

గుత్తి రోడ్డులో నా షెడ్డు.
మధ్యాహ్నం మూడుకి రేకులు టకటకమంటాయి.
కుళ్ళాయప్ప కారు ఆపినాడు.
ఆపలేదు, అదే ఆగింది,
సగం లోపల, సగం ఎండలో.

"నిన్ననే తెచ్చినా బెంగళూరు నుంచి.
కట్టిన నిమ్మకాయ గూడా వాడలేదు సూడన్నా."
డాష్‌బోర్డు మీద మాత్రం
తిరనాళ్ళ మాదిరి దీపాలు.

మా గురువు మదార్‌సాబుకి
ఒక బల్బు, రెండు వైర్లు చాలు.
అదీ లేకుంటే నాలుక.
కరెంటుంటే పుల్లగా తగులుతాది అనేవాడు,
పుల్లగా లేకుంటే కథ వేరే.

నేను స్టీరింగు కింద మోకాళ్ళేసి
పదహారు కాళ్ళ ప్లగ్గు గుచ్చుతాను.
పీ సున్నా ఐదు ఆరు రెండు: వోల్టేజి తక్కువ.
యూ సున్నా ఒకటి రెండు ఒకటి: బ్రేకుల పెట్టె పలకడం లేదు.
ఇంకా మూడు.
అన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పే చాడీలే.
నొప్పి చెప్తాయి గానీ
ముల్లు యాడుందో చెప్పవు.

మీటరు పట్టుకుని సెల్ఫు కొట్టమన్నా.
ఇంజనుకీ బాడీకీ నడుమ
ఒకటిన్నర వోల్టు యాడికో పోతా ఉంది.
బ్యాటరీ పైకెత్తితే
ఎర్తు బోల్టు చుట్టూ పచ్చటి చిలుము,
వైరుకి నల్ల టేపు, కొత్తది,
ఎవరో శ్రద్ధగా చుట్టింది.
విప్పితే లోపల
నాలుగు పోగుల రాగి.

పెద్ద పనేం కాదు.
గీకి, కొత్త లగ్గు కొట్టి, బిగించినా.
దీపాలు తుడుద్దామని బటను మీద వేలు పెడితే
కింద వరసలో కనపడింది:
కోడ్లు తుడిచినాక నడిచిన దూరం, 216.

"బండి ఇచ్చినాయన ఎట్లాటోడప్పా?"
"శానా మంచోడన్నా. మజ్జిగ ఇచ్చినాడు.
ఇంట్లో మనిషి లెక్క చూసుకున్నా అన్నాడు."
బుడ్డలు వలిచే మిషను అమ్మి కొన్నాడంట.
పెనుకొండ దాటినాక ఒకసారి మినుక్కుమనిందంట,
ఎండకేమోలే అనుకున్నాడంట.

స్కానరు అతని వైపు తిప్పినా.
చానాసేపు చూసినాడు.
చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, పెనుకొండ...
పెదాలతో దారంతా వెనక్కి నడిచి
ఆ మజ్జిగ గ్లాసు దగ్గర ఆగినాడు.
ఏమీ అనలేదు.
నిమ్మకాయ సరిచేసినాడు, అంతే.

బటను నొక్కినా. సున్నా.
వాడు తుడిచిందీ ఇట్లే,
నేను తుడిచిందీ ఇట్లే.
స్కానరుకి తేడా తెల్లేదు.

"ధర్మవరం దాకా పోయి రా.
దీపం పడకుంటే అప్పుడియ్యి మూడు నూర్లు."

ఆ పొద్దంతా
వాడెవడో చుట్టిన టేపు జిగురు
నా వేళ్ళకే ఉండిపోయింది,
పెట్రోలుతో కడిగినా.