పెద్ద పేరు

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, నోటి జబ్బుల గది.
పోస్టరుకి తెలుగు చేయమని
డాక్టరుగారు ఇచ్చిన కాగితంలో
పదకొండో మాట దగ్గర ఆగిపోయాను:
కార్సినోజెనిసిస్.

సగం పీత, సగం పుట్టుక.
గ్రీకు వాళ్లు గడ్డ చుట్టూ ఉబ్బిన నరాల్లో
పీత కాళ్లు చూశారట.
మనవాళ్లు రాచకురుపన్నారు,
ఏ రాజు వదిలిపోయిన ఆస్తో!
రెండూ పుట్టిన తర్వాత పెట్టిన పేర్లే.
ఈ మాట జబ్బు కాదు,
జబ్బుకి ముందు నడిచే కాలం.
ఫలానా ఆమెకి ఉంది అని దీన్ని వాడకూడదు,
జరుగుతోంది అనాలి,
ఉప్పుగాలికి గొళ్లెం తుప్పు పడుతోంది అన్నట్టు.

మెట్లు మూడట:
ఆరంభం, ప్రోత్సాహం, పురోగతి.
రాశాక చూస్తే
మండలాఫీసు గోడ మీది పథకంలా ఉంది.
కొట్టేశాను.

ఎదుటి స్టూలు మీద సూరాడ తవిటమ్మ.
కళింగపట్నం అవతలి రేవు నుంచి
మొదటి బస్సుకి వచ్చింది.
అడ్డపొగ, నలభై ఏళ్లు.
నిప్పు లోపలికి, పచ్చి కొస బయటికి.
"సముద్రం గాలికి ఆరిపోద్ది బాబూ.
నెత్తి మీద సేపల తట్ట, సేతులు కాలీ నేవు.
నోట్లో దాసుకున్నాను.
మగోళ్లు బయటికి కాలస్తారు,
ఆడోళ్లం లోపలికి."

టార్చి వేస్తే అంగిలి నిండా తెల్లటి పొర,
అక్కడక్కడా ఎర్ర చుక్కలు.
ముక్క కోసి పంపితే వచ్చిన రిపోర్టుని
నాకు చేతనైన తెలుగులో చెప్పాను:
ఇంకా కాదు.

ఆ "ఇంకా"కే ఈ పేరన్నాను.
లోపల ఒక కణం
తను చచ్చిపోవాల్సిన రోజు మరిచిపోతుందని,
పిల్లలకీ ఆ మతిమరుపే నేర్పుతుందని,
చుట్ట మానేస్తే ఆగొచ్చని,
ఆగకపోవచ్చనీ.

"ఎన్నో నెల?" అనడిగింది.
నెలలు కావు, ఏళ్లు. పుట్టినరోజంటూ ఉండదు.
"పుట్టనిదానికి పేరెడతారేటి?
తప్పు కాదా?"

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.
"మా యమ్మకి నాకు ముందు ముగ్గురు.
బంగారమని, రాజులని, మహలచ్చిమని
గొప్ప గొప్ప పేర్లెట్టింది. ఒక్కరూ దక్కనేదు.
నన్ను సేటలో ఏసి పక్కింటోళ్లకిచ్చి
తవుడెట్టి తిరిగి కొనుక్కుంది.
నాను బతికీసినాను.
దీనికి సిన్న పేరెట్టకు బాబూ.
నోరు తిరగని ఆ పేరే ఉండనీ.
బతకదు."

బొడ్లోంచి చుట్టలు తీసి బల్ల మీద పెట్టింది, నాలుగు.
మందుల చీటీ మడుచుకుని వెళ్లేటప్పుడు
మూడు వదిలేసింది.

పోస్టరు మీద పదకొండో మాట
తెలుగు అక్షరాల్లో అలాగే ఉంది,
అంత పొడుగూ.
అర్థం రాయలేదేమన్నారు డాక్టరుగారు.
తవిటమ్మ మళ్లీ వచ్చే మంగళవారం దాకా
ఆ జాగా ఖాళీగా ఉంచాను.