కింద కాస్త చోటు

వేట నిషేధం నలభై రెండో రోజు.
జెట్టీ పొడవునా పడవలు
ఒకదాని భుజానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.
కొత్త రంగు, డీజిలు, ఎండుచేపలు,
ఏ వాసన ఎక్కడ మొదలో తెలీదు.
పడవలకి రంగులేసే ఈ రోజుల్లోనే
సంఘం వెబ్‌సైటుకి నేనూ కొత్త రంగు వేసి
లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని దిగాను,
ఎవరికెలా కనబడుతోందో అడగడానికి.

కంచరపాలెంలో, నా గదిలో,
క్రోములో అది అద్దంలా ఉంది.
ఫైర్‌ఫాక్సులో కొంచెం చిక్కింది, అంతే.
రాత్రి రెండింటికి నన్ను నేనే మెచ్చుకుని
పడుకున్నాను.

ఆఫీసులో గుమాస్తా కామేశ్వరి గారి కంప్యూటరు
నా ఇంటర్ మార్కుల లిస్టు కంటే పాతది.
అందులోని బ్రౌజరు తెరుచుకునేసరికి
ఇద్దరం చెరో టీ తాగేశాం.
మూడు వరసల్లో నేను సర్దిన
ఐసు ధర, డీజిలు సబ్సిడీ, తుఫాను హెచ్చరిక
వలలోంచి కుమ్మరించినట్టు
ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి.
"పాతదే నయమేమోనమ్మా" అన్నారావిడ
నన్ను చూడకుండా, ఖాళీ గ్లాసులోకి చూస్తూ.

నోటుబుక్కులో రాసుకున్నాను.

రుషికొండ మీద ఫిరోజ్ తన ఖరీదైన ఫోను చాచి
"సఫారీలో నీ సముద్రం మరీ నీలంగా ఉందే" అని నవ్వాడు.
ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళాం.
ఆ పూట కింద సముద్రం
గిన్నెలు కడిగిన నీళ్ళ రంగులో ఉంది.
ఏ నీలం మీద పంచాయితీ పెట్టుకున్నామో
కాసేపు ఇద్దరికీ గుర్తు రాలేదు.

మళ్ళీ హార్బరు.
సూరాడ ఎల్లాజీ ఫోను పగుళ్ళ మీద సెల్లోటేపు.
ఇంజను నూనె వేలితో పైకి తోస్తున్నాడు.
"నీ ఎర్ర బిళ్ళ అడ్డం పడిపోనాది పాపా,
గాలి ఏ పక్కనించొస్తాదో
దాని కింద ఉండిపోనాది."
ఎర్ర బిళ్ళంటే 'సంప్రదించండి' బటన్.
దాని గుండ్రదనానికే నాలుగు రోజులు పట్టింది నాకు.

పోలమ్మ ఏమీ అనలేదు.
మనవడి ఫోను చేతి పొడవంత దూరం పెట్టి
రాత్రిబడిలో నేర్చిన వేలితో
పైనున్న పెద్దక్షరాలు కూడబలుక్కుంది.
మ.
త.
ఆగింది.
"ఇదేటి గుంటా, మా పేరుకి కాళ్ళు నేవు?"

వంగి చూశాను.
మత్స్యకార.
త కింద ఒదగాల్సిన స వత్తు,
దాని పక్కనుంచి చెయ్యి చాచాల్సిన య వత్తు,
రెండూ లేవు.
ఆ చవక బ్రౌజరు కత్తిపీట మీద పెట్టినట్టు
అక్కడికి కోసేసింది.
ఇంగ్లీషు అక్షరాల ఎత్తు కొలిచి
నేను కట్టిన గది మరి,
నేల కిందికి దిగేవాళ్ళుంటారని
తట్టలేదు.
రోజుకి వందసార్లు చూశాను ఆ మాట.
చూసింది కన్ను కాదు, అలవాటు.
లేని వత్తుల్ని కూడా అదే చదివేసింది.
అక్షరం అక్షరం తడుముకునే మనిషికే
కోసిన చోటు తగిలింది.

ఐసు పెట్టె మీద కూర్చుని
ఒక అంకె మార్చాను.
ఒకటింబావు ఉన్నచోట రెండు.
పేజీ మళ్ళీ తెరిచి పోలమ్మకిచ్చాను.
వేలు కదిలింది. త దాటింది.
పేరు పూర్తిగా చదివి,
దాని మీద గట్టిగా నొక్కింది.
"ఒత్తితే ఏటవుద్ది?"
"ఏమీ అవదు పిన్నీ, అది పేరు."
"ఓహో" అంది, ఇంకోసారి ఒత్తింది.

పక్కన పడవ మీద కుర్రాడొకడు
పేరు రాయడానికి సుద్దగీత లాగుతున్నాడు.
గీత కింద నాలుగు వేళ్ళు ఆనించి
ఆ మేరకి ఖాళీ వదిలాడు.
ఇంకా కుంచె ముంచనేలేదు.
ఎవరు చెప్పారని అడగబోయాను.

"పాపా!" ఎల్లాజీ కేక.
"నీ బిళ్ళ ఇంకా ఈడే ఉన్నాది."