మా నాయన పేరులో క్రియ

కందుకూరు పొగాకు గోడౌన్లో
మా నాయన్ని పేరుపెట్టి పిలవగా నేను వినలేదు.
బిళ్ల నంబరు నూట పదిహేడు.
హాజరు పుస్తకంలో మాలకొండయ్య.
రేషన్ కార్డులో, కులం సర్టిఫికెట్లో
అక్కడా మాలకొండయ్యే.
ఆదివారం ఒక్క పూట,
తడి తల దువ్వుకుని ప్రార్థనకు పోయినప్పుడు మాత్రం
ఆమోసు.

"రెండు పేర్లున్నోడికి
రెండు కూలీలు రావాల గదయ్యా"
అని మేస్త్రీని ఆటపట్టించేవాడు.

రామాయపట్నంలో చదివొచ్చిన కుర్ర పాస్టరు
ఒకరోజు మా వసారాలో మజ్జిగ తాగుతా చెప్పాడు:
"హెబ్రీ మాటన్నా అది. ఆమోసంటే బరువు మోసేవాడు."
నాయన నవ్వాడు.
నవ్వీ నవ్వీ పొగాకు దగ్గు తెచ్చుకున్నాడు.
"నేను హమాలీనయ్యేది ముందే తెలుసన్నమాట.
ఇంకో పేరే దొరకలేదా దేవుడికి?"

నేను బళ్లో తెలుగు చెప్పేవాణ్ణి.
ఆ రాత్రంతా పేరును విడగొడతా కూచున్నా.
ఆ. మోసు.
హెబ్రీ దాకా ఎందుకు,
మన మోయడమే అందులో ముడుచుకుని కూచుంది
గోతంలో పిల్లిలాగ.
రెండు భాషలకూ చుట్టరికం లేదని తెలుసు.
కాకతాళీయం అంటారు పుస్తకాల్లో.

అవ్వ అనలేదు ఆ మాట.
అప్పటికే చూపు పోయి మంచంలో ఉంది.
"యాడిది హెబ్రీ?" అంది.
"వుప్పు కొటార్ల కాడ వున్నాం. మూడు దినాలు ముసురు.
మన్నేరు పొర్లింది. కయ్యలు పోయినాయి, కుప్పలు కరిగినాయి.
మీ నాయన పుట్టి పదకొండో దినం.
వుప్పు గంపలో గోనె పరిచి, వాణ్ణేసి,
నెత్తిన బెట్టుకోని ఏరు దిగినా.
గొంతు దాకా నీళ్లు.
గంపలోంచి వుప్పునీళ్లు కారి కళ్లల్లో పడతా వుంటే
తుడుచుకుందామంటే చెయ్యేదీ?
గట్టెక్కినాక అయ్యగారడిగినాడు, ఏం పేరు పెడదామని.
మోసుకొచ్చినా సామీ, అన్నా.
ఇంకో మాట రాలా నోట్లోంచి.
ఆయన పుస్తకం తిప్పి తిప్పి,
వుంది, నీ మాటే వుంది దీంట్లో, అన్నాడు."

మళ్లీ పాస్టరు దగ్గరికి పోయాను.
కళ్లజోడు సర్దుకుని ఒప్పుకున్నాడు:
కొందరు మోసేవాడంటారు,
కొందరు మోయబడినవాడంటారు,
ఆ ధాతువు రెండు వైపులా తెరుచుకుంటుందట.
కర్తరి, కర్మణి.
తెలుగులో కర్మణి అంత అందంగా ఉండదురా అని
ఇన్నేళ్లూ పిల్లలకు నేనే చెప్పాను.

నాయనకు మాత్రం చెప్పలేదు.
ముప్పై ఏళ్లు మెడ మీద బేళ్లు మోసినోడికి
నువ్వు మోయబడినోడివి అని
ఎట్ట చెప్పేది?

పోయిన వానాకాలం ఆయన నడుం పూసలు జారాయి.
ఒంగోల్లో ఎక్స్‌రే గది మేడ మీద. లిఫ్టు చెడిపోయి ఉంది.
తిరిగొచ్చేటప్పుడు వీపు మీద ఎక్కించుకున్నా.
ఆరిన పొగాకంత ఉన్నాడు.
సగం మెట్లు దిగాక చెవిలో అన్నాడు:
"నడుం వంచబాక. మోకాళ్లొంచు.
బరువు మెడ మీద కాదు, ఊపిరి మీద పెట్టుకో.
ఇంకా ఎన్ని మెట్లు?"
లెక్కపెట్టలేదు నాయనా, అన్నా.

"లెక్కబెట్టాల.
బేలు ఎత్తినాక మొదట చేసే పని అదే."