మెట్టరేవు

నాకిచ్చిన పని లారీలు లెక్కపెట్టడం.
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం,
కట్టెలమోపుకి తాడు బిగించినట్టు.
పదకొండు రోజులు
తుల్లు బోకు కొండ కింద, జిబూతీ దారి పక్కన
తుమ్మచెట్టు నీడ ఎటు జరిగితే అటు నా కుర్చీ.

మా దగ్గర పొద్దు పొడిచిన గంటకి ఒంటిగంట.
అప్పిచ్చే బ్యాంకు అచ్చేసిన ఫారం ఏడంటుంది.
లారీ లారీకీ ఆరు గంటలు కలిపి రాశాను.

సముద్రం లేని దేశం మాది.
అందుకని నేలమీదే ఒక రేవు కట్టాలన్నారు.
ఓడ రాదు, అల రాదు, ఉప్పుగాలి రాదు,
సుంకం మాత్రం వస్తుంది.
నవ్వకండి, ఇంజనీరు సిసాయ్ నవ్వకుండానే చెప్పాడు:
గిడ్డంగులు, రైలుపట్టాలు, శీతల గదులు,
జిల్లాలో ఇంటికో కొలువు.
మ్యాపు మీద టీగ్లాసు పెట్టి తీసినంత
ఎర్ర సున్నా.

ఆ సున్నాలో ఏముందో చూద్దామని
ఒక ఆదివారం నడుచుకుంటూ పోయాను.
అరచేతిలా చదునైన నేల,
నన్ను చూసి బెదిరిన రెండు చిట్టి జింకలు.
టైరు జాడ ఒక్కటి లేదు.

లారీలు ఆగేది అక్కడ కాదు,
కొండ మొదట్లో, షగితు బొగ్గుల కుంపటి దగ్గర.
ఎక్కబోయేవాటికి రేడియేటర్ దాహం,
దిగొచ్చినవాటికి బ్రేకుల జ్వరం.
అబోల్ అని మొదటి వాయి పోస్తుంది,
తోనా అని రెండోది, బరెకా అని పల్చటి మూడోది.
మూడో కప్పు అయ్యేసరికి చక్రం చల్లబడుతుంది.
ఈ చోటు ఎవరు ఎంచారు?
ఇనుము ఎంచింది.
కాలిన ఇనుము.

ఎక్కేవి ఎరువు, గోధుమ, పామాయిలు, ఇనుప చువ్వలు.
దిగేవి...
ఫారం చివర "ఖాళీ" అని సన్నటి గడి ఒకటుంది,
నిండుతుందని ఎవరూ అనుకోని గడి.
నాలుగోరోజుకి నిండింది.
కాగితం వెనక రాశాను, తర్వాత అట్టమీద.
పది దిగితే ఏడు
గాలిని మోసుకుపోయాయి సముద్రానికి.

గాలికి కిరాయి ఎవరిస్తారు?
డ్రైవర్ అస్ఫావ్ కప్పు అడుగు మడ్డిని తిప్పుతూ
"నువ్వే. నీ పిండిబస్తాలో, నీ చొక్కాలో" అన్నాడు.
ఆ మాటకి గడి లేదు.
కూతవేటు దూరంలో బొర్తె ఉల్లిగడ్డలు
గోనె మూతి విప్పకుండానే మొలకలేశాయి.
దానికీ లేదు.

మీటింగులో నా కుర్చీ గోడవార.
సున్నాని నాలుగు కిలోమీటర్లు పడమరకి జరపండి అన్నాను.
ఎవడివి నువ్వు అన్నట్టు తలలు తిరిగాయి.
లెక్కపెట్టినవాణ్ణి.
అట్ట బల్లమీద పెట్టాను.
సిసాయ్ ఆ కట్టెలమోపుల్ని చాలాసేపు చూసి
రబ్బరు కోసం జేబులు తడుముకున్నాడు.

జరిగింది సున్నా.
రెండేళ్ళకి కంచె లేచింది, క్రేన్లు లేచాయి.
బొర్తె ఉల్లి ఇప్పుడు అస్ఫావ్ లారీలో కిందికి దిగుతుంది,
వారానికి ఒకసారి, ధర కుదిరితే.
కంచె లోపల క్యాంటీన్ టెండరు ఎవరికో పోయింది.
షగితు కుంపటి ఉన్నచోట ఇప్పుడు తూకం కాటా.

ఎక్కడుందని అడిగితే తూర్పుకి చెయ్యి చూపించారు.
గేటు నుంచి లారీల వరస,
టోకెన్ కోసం, స్టాంపు కోసం, సంతకం కోసం,
ఒక కిలోమీటరు, రెండు, మూడు...
దాని తోక సరిగ్గా ఆ చదును నేల మీద ఆగింది,
చెరిపేసిన ఎర్ర సున్నా మధ్యలో.
అక్కడ కుంపటి.

తప్పులో కూడా ప్లాను నిజమైంది అన్నాను.
ఆమె నవ్వలేదు.
ఇక్కడ చల్లారాల్సిందేమీ లేదు,
ఇంజన్లన్నీ ఆర్పే ఉన్నాయి.
"మూడు వాయిలు చాలడం లేదు వీళ్ళకి,
ఆరో వాయికి పేరేమిటో నువ్వే చెప్పు" అంది.

అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశాను.
నాలుగు గీశాను.
అయిదోది గీయబోతుంటే చేతిలో కప్పు పెట్టి
మొదటిసారి నా దగ్గర డబ్బులు అడిగింది.