తెల్లగుడ్డ లెక్క

షార్జాల సజా క్యాంపు.
సజా అంటే మా దిక్కు శిక్ష,
ఇక్కడ ఉత్త ఊరి పేరు.
గేటు పక్కన నాది ఇస్త్రీ దుకాణం.
మొఖాల కన్న కాలర్లే గుర్తుంటయి నాకు.
మూడో అంతస్తు కాలర్లకు ఇసుక పసుపు,
కింది అంతస్తు కాలర్లకు
మెడ చుట్టూ కాటుక.

ఎడారి నల్లగుండదు గదా,
అక్కడ మొదలైంది అనుమానం.

తెల్లారగట్ల మూడున్నరకు
ముప్పై రెండు బస్సులు వరుసగట్టి
గంటసేపు గుర్రుమంటయి,
కదలవు, ఆగవు.
కిటికీ సందుల తువ్వాల కుక్కినా
సబ్బని ముత్తెన్న దగ్గు
గోడ దిక్కు తిరిగి పండుకుంటది.

పాత దుప్పటి చింపి
జానెడు ముక్కలు జేసిన.
రోజుకొకటి డాబా మీది తీగకు కట్టి,
రాత్రి దింపి, మూలకు తారీఖేసిన.
నెలకు ఇరవై ఆరు.
నాలుగు రోజులు జరమొచ్చి కట్టలే.

డ్రైవర్ గుల్ నవాజ్‌కు చూపిస్తే
కోపం రాలేదాయనకు.
"ఇంజన్ బంద్ అయితే ఏసీ బంద్.
ఎక్కంగనే నన్ను తిట్టేదెవరు భాయ్?"

తిట్టేది మేమే.
పోయిన ఆగస్టుల సీటు కాలిందని
బస్సు తలుపు గుద్దింది
మా పెద్దబాపు కొడుకు రాజమల్లే.

సెలవునాడు మెస్సుల కూసున్నం.
మొఫిజుల్ బకెట్ల చాయ్ తెచ్చిండు.
మునిసిపాలిటీకి కాగితం పెడితే
వీసా పోతదని ఒకలు,
దగ్గే గదా, పైసలు పోతున్నయి ఇంటికి
చాలు అని ఒకలు.
ముత్తెన్న మాట్లాడబోయి దగ్గిండు,
అందరు చాయ్ దిక్కు చూసిన్రు.
ఐదు బాషల లొల్లి
చాయ్ చల్లారినంక ఒక్కమాట అయింది:
పది నిమిషాలు మేం ఉడుకుతం.
మేమెక్కినంకనే ఇంజన్.

కాగితం మీద నూట పద్దెనిమిది సంతకాలు,
అండ్ల సగం బొటనవేళ్లు.

మౌజా అని తనిఖీ మేడమ్ వచ్చింది.
ఒక గుడ్డ ముక్కు కాడ పెట్టుకుంది.
ఏమనలే.
నాలుగు మడతలు, అచ్చం నా మడతే,
మడిచి సంచిల వేసుకుంది.
మూడు వారాలకు గేటుకు బోర్డొచ్చింది.
అండ్ల తెలుగు లేదు గని
ఇంజన్ బొమ్మ మీద ఎర్రగీత ఉంది, చాలు.

మొదటి పొద్దు నేనూ ఎక్కి కూసున్న.
చీకటి, చెమట, నలభై ఐదుగురం,
ఎవ్వల మోకాలు ఎవ్వలిదో తెల్వదు.
రాజమల్లు చెయ్యి తలుపు దాకా పోయి
మల్లొచ్చింది.
అప్పుడు వినబడ్డది,
ఏడేండ్లల్ల మొదటిసారి,
ఫజర్ అజాన్ ఆఖరు మాట దాకా.

రోడ్డవతల క్రషర్ అట్లనే తిరుగుతుంది.
ముత్తెన్న దగ్గు తగ్గిందని చెప్పలేను.
రాత్రి దింపిన గుడ్డ మాత్రం
పసుపు ఎక్కువ, నలుపు తక్కువ.
పసుపు ఇసుకది,
దానితోని మాకు పంచాది లేదు.

ఇగ క్రషర్ కాడికి పోవాలె.
దుప్పటి ఇంక సగముంది.