ఎవరూ

హామిల్టన్‌లో గ్రే వీధి చివర
ఉన్ని కొట్టుకీ మందుల షాపుకీ మధ్య
నా కళ్లద్దాల దుకాణం.
గొర్రెల సంత రోజున వచ్చేవాళ్ల బూట్లు చూసి
ఎవరికి ఎన్ని ఎకరాలో చెప్పగలను.
కళ్లు తర్వాత.

స్తమాటిస్ సంత అయిపోయాక వస్తాడు, చెప్పకుండా.
ఎనభై రెండేళ్లు.
ఎడమ కన్ను కంచె తీగ తెగి ఎగిరినప్పుడు పోయింది,
డెబ్భై ఒకటి ఫిబ్రవరిలో, భోజనానికి ముందు.
అంత కచ్చితంగా చెబుతాడు.
ఉన్న ఒక్కదానికీ ఇప్పుడు పొర కమ్ముతోంది.

గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు ఇక్కడ.
గది దీపం ఆర్పి
సన్నటి వెలుగు చీలికను
కొంచెం కొంచెంగా ఆ కంటి మీదికి జరుపుతాను.
కుర్చీ చేతుల మీద ఆయన వేళ్లు బిగుసుకుంటాయి.

"ఈ కథ నాకు తెలుసు," అంటాడు.
"మా దీవిలో అమ్మమ్మ చెప్పేది.
గుహ. ఒంటికన్నువాడు. మంటలో కాల్చిన ఆలివ్ కొయ్య.
కొయ్య పట్టినవాడు మహా తెలివైనవాడు.
నీ పేరేంట్రా అంటే ఎవరూ కాదు అన్నాడు.
కన్ను పోయి వీడు అరిస్తే
చుట్టుపక్కల రాక్షసులంతా వచ్చి
ఎవర్రా నిన్ను చంపుతోంది అన్నారు.
ఎవరూ కాదు! అన్నాడు వీడు.
అయితే పడుకో, అని వెళ్లిపోయారు."

నవ్వకండి, దీపం కదులుతోంది.

ఎవరూ కాదు అని నేను రాశాను గానీ
ఆయన అన్నది ఒక్కటే మాట, గులకరాయంత.
"మీ భాషలో ఎలా అంటారు?"

మా భాషలో ఎవరూ అనేది
ఒంటరిగా నిలబడలేదు తాతా.
లేరో, రారో, కాదో
పక్కన ఒకటి చెయ్యి పట్టుకోవాలి.
దీర్ఘం తీసేస్తే ప్రశ్న.
ఓత్వం ఇస్తే, ఎవరో,
చీకట్లో ఒక మనిషి నిలబడి ఉంటాడు.
మా రాక్షసుడైతే
"ఎవరూ..." అని ఊపిరి తీసుకునేలోగా
ఇరుగుపొరుగు గుహలోకి తోసుకొచ్చేసేవాళ్లు.
మాకు అసలు సంగతి వాక్యం చివర్లో ఉంటుంది,
అంతదాకా ఆగే ఓపిక ఉండదు.

స్తమాటిస్‌కి ఆ తెలివైనవాడంటే గిట్టదు.
"అరవై ఏళ్లు గొర్రెలు కాశాను.
తెల్లారి, గుడ్డివాడు గుమ్మంలో కూర్చుని
ఒక్కొక్కదాని వీపు నిమురుతాడు.
పొట్టల కింద మనుషులు వేలాడుతున్నారు.
చివరికి పెద్ద పొట్టేలు. రోజూ ముందు నడిచేది.
ఏరా, ఇవాళ వెనకబడ్డావు,
నా కన్ను కోసమేనా దిగులు, అంటాడు.
మనుషుల్ని తిన్నవాడే. కాదనను.
కానీ ఆ మాట..."

ఆగిపోయాడు.
నేను లెన్సు మార్చాను, అవసరం లేకపోయినా.

బల్లరాట్ వెళ్లి ఆపరేషన్ చేయించుకోవాలి, అన్నాను.
"తేడా వస్తే?"
వెయ్యిలో ఒకటి అనే లెక్క
ఒక్కటే ఉన్నవాడి దగ్గర వేరే అంకె.
కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి అంటాం మేం.
ఆ మాట నోటిదాకా వచ్చింది,
మింగేశాను.

చుక్కలు వేశాను. కనుపాప విచ్చుకుంది.
మళ్లీ దీపం.
ఆ నల్లటి గుండ్రంలో, చీమంత,
కొయ్య పట్టుకుని నేను.

"ఎవరక్కడ?" అన్నాడు,
చూపులేనివాడిలా చేతులు చాచి, ఆటకి.

పేరు చెప్పేశాను.
బోర్డు మీది పొట్టిది కాదు,
ఇంటిపేరుతో సహా, తాడికొండ హైమవతి.
ఆ తెలివైనవాడు పడవెక్కాక చేసిన పొరపాటే.
నేను గుహలో ఉండగానే చేశాను.

ఆయన రెండుసార్లు తప్పు పలికి
మూడోసారి సరిగ్గా పలికాడు.

వెళ్తూ గుమ్మంలో ఆగి,
"నేనైతే," అన్నాడు,
"పొట్ట కింద కూడా తడిమేవాణ్ణి."

బయట మనవరాలి ట్రక్కులో
సంతలో ఎవరూ కొనని పొట్టేలు ఒకటి
తల ఇటు తిప్పి చూస్తోంది.