గడ్డం కాస్త దించండి

పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డులో
ముప్ఫైరెండేళ్ళు మొహాలతోనే బతికాను.
కెమెరా వెనక గరుకు గాజుపలక మీద
మనుషులంతా తలకిందులుగా వేలాడేవారు.
నల్లగుడ్డలో తల దూర్చి
ఆ గబ్బిలాల్లో ఎవరు ఎవరో ఇట్టే చెప్పేవాణ్ణి.
నెగటివ్‌లో నల్లటి పళ్ళు, తెల్లటి జుట్టు,
అయినా ఫలానా వారి పెద్దకోడలని తెలిసిపోయేది.
పెన్సిల్ మొనతో ఎన్ని అమ్మవారి మచ్చలు పూడ్చానో!

ఆడి తగ్గింపు రోజుల్లో
టీనగర్ నుంచి చీరల సంచులు మోసుకొస్తుంటే
తలలో చిన్న నరం పుటుక్కుమంది.
మాట పోలేదు, చెయ్యి పడిపోలేదు,
అదృష్టవంతుడివన్నారు.

డాక్టరమ్మ నా కుడిచెవి వెనక వేలు పెట్టి
"ఇక్కడ లోపల, రూపాయి బిళ్ళంత చోటు" అంది.
ఇంత ఊరి మొహాలన్నీ
అంత ఇరుకింట్లో కాపురముండేవన్నమాట.

ముక్కు తెలుస్తుంది. ముక్కుపుడక తెలుస్తుంది.
కనుబొమ్మ, కింది పెదవి, చెంప మీద పుట్టుమచ్చ,
చిల్లరంతా లెక్కపెడతాను
మొత్తం ఎంతో తేలదు.

అలాగని మొహాలకేం కరువు లేదు.
ప్లగ్గు రంధ్రాలు నన్ను చూసి నోరు తెరుస్తాయి.
ఇరవైతొమ్మిది సి బస్సు
ఎవరిమీదో పళ్ళు కొరుకుతూ వస్తుంది.
మొహాలు వస్తూనే ఉన్నాయి,
పేర్లు రాసుకునే గుమాస్తాయే సెలవు పెట్టాడు.

ఇంట్లో ఆమెని
ఆకుపచ్చ చీరని బట్టి, దగ్గుని బట్టి పోల్చుకుంటున్నాను.
అద్దంలో ఎవరో ముసలాయన,
నేను గోక్కుంటే గోక్కున్నాడు,
సరే, నేనే అనుకున్నాను.

నిన్న ఏళుమలై టీకి వెళ్ళినప్పుడు
ఒకావిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది.
"పాస్‌పోర్టు సైజా అమ్మా?"
కాసేపు నన్నే చూసి తలాడించింది.
ఏం బుద్ధి పుట్టిందో,
మూలపడ్డ చెక్క కెమెరానే ఈడ్చుకొచ్చాను.

గుడ్డ కింద ఆమె తలకిందులు.
నాకిప్పుడు నిటారైనా ఒకటే.
"గడ్డం కాస్త దించండి."
పైకెత్తింది.
"దించండమ్మా."
ఇంకా పైకెత్తింది.

పెళ్ళిచూపులకి ఫోటో కావాలని
వాళ్ళ నాన్న ఈ స్టూలు మీదే కూర్చోబెట్టిన రోజు
మూడు ప్లేట్లు పాడుచేసిన గడ్డం.
ఎన్నిసార్లు దించమన్నా పైకే లేచే గడ్డం
ఈ ఊళ్ళో ఒక్కటే.

గుడ్డలోంచి తల తియ్యకుండానే అడిగాను:
"వకుళా, చీర కొత్తదా?"

"ఆడిలో కొన్నదే" అంది,
"ఇవాళ కట్టాను."